కుడివైపు గొట్టం

కుడివైపు బుడ్డీలోకి పొద్దున్నించి ఒక్క చుక్క కూడా దిగలేదు. పదకొండయింది. అక్క గాజుగుడ్డ తేవడానికి మందుల షాపుకి వెళ్ళింది. వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "పన్నెండింటికల్లా వచ్చేసి బుడ్డీలు వంచుతాను, అంతదాకా కదలకు" అని చెప్పింది. నేను కళ్ళు మూసుకునే తలూపాను. కళ్ళు తెరిస్తే నేను ఎటు చూస్తున్నానో చూసి తను కూడా అటే చూస్తుందేమోనని భయం. ఇప్పుడు తలుపు మూసుకుంది, మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందకి దిగిపోయింది, ఇక చూడొచ్చు. చూడాలని లేదు. ఆపరేషనై ఐదు రోజులైంది, ఈ ఐదు రోజుల్లో నా ఒంటికి తగిలించిన ఈ రెండింటినీ నేను సరిగ్గా చూసిందే లేదు. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా పొత్తికడుపు మీద కోత, దాని కింద రెండు రంధ్రాలు, రంధ్రానికో సన్నని గొట్టం, గొట్టం చివర బత్తాయంత ప్లాస్టిక్ బుడ్డీ. దాన్ని నొక్కి మూత పెడితే మళ్ళీ ఉబ్బాలని చూస్తూ లోపలి నీటినీ నెత్తుటినీ లాక్కుంటుందట, అలా లాక్కున్నంత కాలం నేను బాగున్నట్టట. రెండింటినీ నైటీకి చెరో పక్కా పిన్నీసులతో గుచ్చి పెట్టింది అక్క. ఎడమది సగం నిండి బరువుగా వేలాడుతోంది. కుడిది నొక్కి పెట్టింది నొక్కినట్టే అణిగి ఉంది, గొట్టంలో నల్లగా ఏదో అడ్డం పడి ఉంది, ఆ పక్క పొట్ట పట్టీ కింద బిగుసుకుంటోంది. తొమ్మిదింటికే తెలిసింది నాకు. చెప్పలేదు. చెప్తే అక్క ఆస్పత్రికి ఫోను చేద్దామంటుంది, నంబరు అడుగుతుంది. నంబరు ఫైలు మీద ఉంది, ఫైలు పరుపు కింద ఉంది, ఫైలు మొదటి పేజీలో నేను చేయించుకున్న ఆపరేషన్ పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది. అక్కకి నేను చెప్పిన పేరు అది కాదు.

హెర్నియా అని చెప్పాను. అందరికీ అదే చెప్పాను, షాపులో వాళ్ళకి, పై వాటాలో వాళ్ళకి, పిల్లల బడిలో టీచరుకి కూడా. హెర్నియా అయితే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు, అయ్యో పాపం అని ఊరుకుంటారు. టమ్మీ టక్ అని చెప్తే ఏమంటారు. ఇద్దరు పిల్లల్ని కన్నాక సాగి, వేలాడి, కూర్చుంటే తొడల మీదకి జారే పొట్టని కోసి తీసేసి, మిగిలిన చర్మాన్ని దుప్పటి లాగి మంచం కింద దోపినట్టు లాగి కుట్టించుకున్నానని ఎవరితో చెప్పుకోను. జబ్బు కాదు, నొప్పి కాదు, ప్రాణం మీదకి వచ్చింది అంతకన్నా కాదు. మా ఆయన ఒక్కరికే తెలుసు. "నీ ఇష్టం, నువ్వేం చెప్పమంటే అదే చెప్తా" అన్నారు, అన్న మాట ప్రకారం ఎవరడిగినా నా కన్నా ముందే హెర్నియా అని అరిచినంత పని చేస్తున్నారు, అడగని వాళ్ళకి కూడా చెప్తున్నారు. ప్రెస్సులో మిషను నడిపే మనిషి, చేతుల నిండా ఎప్పుడూ ఎర్ర సిరానో నీలి సిరానో ఉంటుంది, అలాంటి మనిషి ఇంటికొచ్చిన మొదటి పూట బుడ్డీ మూత తీయగానే ఆ వాసనకి తెల్లగా పాలిపోయి గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయారు. తేరుకున్నాక నన్నడగకుండానే అక్కకి ఫోను చేశారు. "ఇవన్నీ మీకు అలవాటే కదా వదినగారూ, మీరు చేసుకున్నారు కదా" అన్నారు. ఆ మాట వినగానే నాకు తల కొట్టేసినట్టయింది. అక్క మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి, చిన్న సంచీతో వచ్చేసింది.

చేసుకుంది, అవును. రెండేళ్ళ క్రితం అక్కకి ఎడమ రొమ్ము తీసేశారు. కాన్సరు. అప్పుడు తనకీ ఇలాంటి గొట్టాలే రెండు.

ఎండ కిటికీ చువ్వల మీంచి మంచం అంచు దాకా వచ్చింది. పై వాటాలో ఎవరో కుర్చీ జరుపుతున్నారు, ఆ కిర్రుమనే చప్పుడు నేరుగా కుట్ల మీదే పడుతున్నట్టుంది. మోకాళ్ళ కింద రెండు దిళ్ళు, వీపు వెనక మూడు. తిన్నగా పడుకోకూడదు, నిటారుగా నిలబడకూడదు, లేచి నడిస్తే నేల మీద పడిపోయిన దేన్నో వెతుకుతున్నట్టు వంగి నడవాలి. అక్క నన్ను అలా చెయ్యి పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్తుంది, బయట నిలబడి "అయిందా" అంటుంది, మళ్ళీ తీసుకొస్తుంది. రోజుకి మూడు సార్లు బుడ్డీలు వంచుతుంది. అక్కది పాల కేంద్రంలో ఉద్యోగం, వచ్చిన ప్రతి డబ్బాలోంచీ నమూనా తీసి పరీక్ష చేసే పని, ముప్ఫై ఏళ్ళ నుంచీ అదే చేస్తోంది. అందుకని కొలగిన్నెని నాలాగో మా ఆయనలాగో పైనుంచి చూడదు, బల్ల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, గీత తన కంటికి సరిగ్గా ఎదురుగా వచ్చాకే అంకె చెప్తుంది. చెప్పి పుస్తకంలో రాస్తుంది. ఎడమ ఇంత, కుడి ఇంత, రంగు ఫలానా. "ఏమంటున్నారమ్మా నీ కవలలు" అంటుంది బుడ్డీల్ని చూసి, నన్ను నవ్వించాలని. నవ్వితే కుట్లు లాగుతాయి, నవ్వకపోతే తన ముఖం చిన్నబోతుంది. నేను గోడ వైపు తల తిప్పుకుని పళ్ళు బిగించి నవ్వుతాను. నిన్న రాస్తూ రాస్తూ ఆగి, "రిపోర్టు ఎప్పుడొస్తుందన్నారు" అనడిగింది. "ఏం రిపోర్టక్కా, హెర్నియాకి రిపోర్టేంటి" అన్నాను. "అవును, అంతేలే" అంది. అని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు పంపు తిప్పి ఉంచింది.

అసలు ఇదంతా ఆ ముసలావిడతో మొదలైంది. కాదు, నాతోనే మొదలైంది, ఆవిడ పాపం ఏం చేసింది. నేను పని చేసేది కళ్ళజోళ్ళ షాపులో. నాలుగు వైపులా అద్దాలే, ముఖం చూసుకోవడానికని పెట్టినవి, కానీ స్టూలు మీద కూర్చున్న మనిషి పొట్ట కూడా వాటిలో పడుతుంది. రోజంతా ఎవరి ముక్కు మీదో ఫ్రేము సర్దుతూ వెనక అద్దంలో నా పొట్టనే చూసుకునేదాన్ని. ఒకరోజు ఒక ముసలావిడ చదువుకునే అద్దాలు కొనుక్కోవడానికి వచ్చి, కొత్త అద్దాలు పెట్టుకుని, నన్ను పైనుంచి కిందకి చూసి, కుర్చీలోంచి లేచి, "కూర్చో తల్లీ, నువ్వు నిలబడకూడదు, ఎన్నో నెల?" అంది. పక్కన ఇద్దరు కొనేవాళ్ళున్నారు, కౌంటర్లో మా షాపాయన ఉన్నాడు. లేదండీ అంటే సరిపోయేది, నవ్వేస్తే సరిపోయేది. నా నోట్లోంచి "ఐదో నెలండీ" అని వచ్చింది. నలభై మూడేళ్ళ దాన్ని. ఆవిడ నా తల నిమిరి వెళ్ళింది, షాపాయన లెక్క చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు. అక్కడితో అయిపోయినా బాగుండేది. నాలుగు నెలల తర్వాత స్క్రూ ఊడిందని మళ్ళీ వచ్చింది, చేతిసంచీలోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది, లోపల పసుపురంగు ఊలు మేజోళ్ళు, నా బొటనవేలు కూడా పట్టనంతవి. "మొన్నే అనుకున్నా, ఈ పాటికి వచ్చేసి ఉంటాడు అని. బాబా, పాపా?" అంది. పాప అని చెప్పాను. పేరు కూడా చెప్పాను. పనికొచ్చేశావా అప్పుడే, ఒంట్లో ఎలా ఉంది అంటే, పొట్ట ఇంకా తగ్గలేదండీ అన్నాను. ఆ మాటొక్కటే నిజం. స్క్రూ బిగించే చిన్న పనిముట్టు చేతిలోంచి రెండుసార్లు జారిపోయింది. మేజోళ్ళు ఇంటికి తెచ్చి సొరుగు అడుగున దాచాను, పారెయ్యడానికి చేతులు రాలేదు. మర్నాడే డాక్టరు దగ్గర పేరు రాయించుకున్నాను.

కుడిపక్క మళ్ళీ లాగింది. చెయ్యి పట్టీ మీద పెడితే కింద మెత్తగా, నీళ్ళ సంచీలా కదిలినట్టనిపించింది, చటుక్కున చెయ్యి తీసేశాను. పదకొండు ఇరవై. అక్క మెట్ల మీదుగా వస్తుందేమో, లిఫ్టు అంటే తనకి గిట్టదు. రాకపోతే బాగుండు అని ఒకవైపు, వస్తే బాగుండు అని ఒకవైపు. అక్క నుంచి ఇలా తప్పించుకోవాలని నేను అనుకోవడం మొదటిసారి కాదు. తన ఆపరేషనప్పుడు నేను ఆస్పత్రిలో ఒక్క పగలు కూర్చున్నాను. ఇంటికొచ్చిన ఆరో రోజు, ఆదివారం, పళ్ళు పట్టుకుని చూడ్డానికి వెళ్ళాను. బావగారు పోయాక అక్క ఒంటరిగానే ఉంటోంది. మంచం మీద కూర్చుని ఉంది, ఎడమ చెయ్యి సరిగ్గా లేవడం లేదు, చొక్కా పైకెత్తితే ఇవే బుడ్డీలు, అప్పుడు వాటిలో ఎర్రగా, మందంగా ఉంది. "సమయానికొచ్చావు, ఒక్కసారి ఈ కప్పు పట్టుకుంటావా" అంది. మామూలుగానే అంది, గరిటె అందుకో అన్నట్టు. నేను వెనక్కి జరిగాను. నెత్తురు చూసి కాదు, నెత్తురు నాకు కొత్తా. ఆ చొక్కాలో ఎడమవైపు ఖాళీగా, చదునుగా ఉంది, కప్పు పట్టుకోవాలంటే దానికి ఎదురుగా కూర్చోవాలి. "ఒక్క నిమిషం అక్కా, షాపు నుంచి ఫోను" అని బాల్కనీలోకి వెళ్ళి, మోగని ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఆ, సరే సార్, రేపు చూస్తాను సార్, అని గాలితో మాట్లాడాను. పది నిమిషాలు. తిరిగొచ్చేసరికి అక్క సింకు దగ్గర ఒంటి చేత్తో కప్పు కడుక్కుంటోంది. "అయిపోయిందిలే" అంది. నేను పళ్ళు కోసి పెట్టి వచ్చేశాను. ఆ తర్వాత రెండు వారాలు రోజూ పొద్దున్నే ఫోనులో పువ్వుల బొమ్మలు పంపాను, ధైర్యంగా ఉండక్కా అని. అదే అక్క ఇప్పుడు ఎవరూ అడక్కుండానే నా నెత్తురు కొలుస్తోంది.

మెట్ల చప్పుడు. తాళం. అక్క వచ్చింది, చెమట తుడుచుకుంది, చేతులు కడుక్కుంది, చేతి తొడుగులు వేసుకుని పిన్నీసు తీసింది, నేను గోడ వైపు తిరిగాను. తను ఎడమది తియ్యలేదు. "ఇది ఎప్పట్నించి ఇలా ఉంది" అంది.

"ఇప్పుడేనేమో."

"ఇప్పుడా? నావైపు చూసి చెప్పు."

"తొమ్మిదింటి నుంచి."

 అక్క పట్టీ పక్కగా వేళ్ళు పెట్టి చూసింది, లేచి నిలబడింది. "నంబరెక్కడుంది" అంది. నేను పరుపు కింద అన్నాను. ఫైలు తీసి, పేజీ తిప్పకుండా, అట్ట మీదున్న నంబరు చూసి తన ఫోనులోనే చేసింది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని స్పీకరు పెట్టి దుప్పటి మీద ఉంచింది.  అవతల ఒక అమ్మాయి గొంతు, చురుగ్గా ఉంది.

"మా చెల్లెలికి ఐదు రోజుల కింద మీ దగ్గర హెర్నియా ఆపరేషన్ అయిందమ్మా. కుడి డ్రెయిను ఆగిపోయింది" అంది అక్క.

"హెర్నియాలు మా దగ్గర చెయ్యరండీ. వేరే ఆస్పత్రి అయి ఉంటుంది."

"మీ ఫైలే నా చేతిలో ఉంది."

"ఫైలు మీద పేషెంటు నంబరు చదవండి." అక్క చదివింది. అవతల మీటలు నొక్కిన చప్పుడు. "ఆ, దొరికిందండీ. టమ్మీ టక్ పేషెంటు. హెర్నియా కాదు, కాస్మెటిక్. చెప్పండి, జ్వరం ఉందా?"

 నేను దుప్పటి మీది ఫోనునే చూస్తున్నాను, అక్క వైపు చూడలేదు, ఆ క్షణంలో నేల చీలితే బాగుండనిపించింది. అక్క ఒక్క క్షణమే ఆగింది. "జ్వరం లేదు. కుడివైపు కొంచెం ఉబ్బింది" అంది, గొంతు మారలేదు. నర్సు చెప్తూ పోయింది, చర్మం దగ్గర గొట్టాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకోమని, లేకపోతే గొట్టం ఊడొస్తుందని, రెండో చేతి వేళ్ళకి కాస్త నూనె రాసుకుని గొట్టాన్ని నొక్కి పట్టి బుడ్డీ దాకా జారుస్తూ రమ్మని, గంటలో దిగకపోయినా వాపు పెరిగినా వెంటనే తీసుకొచ్చెయ్యమని. అక్కకి ఇవన్నీ తెలుసు, అయినా ప్రతిదానికీ ఊ కొట్టింది. ఫోను పెట్టేసి, నూనె తెచ్చుకుని, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఒకసారి జార్చింది. రెండోసారి. మూడోసారి గొట్టంలో నల్లటి గడ్డ ఒకటి అంగుళం కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది, టప్పుమని బుడ్డీలో పడింది. దాని వెనకే ఎర్రటి నీళ్ళు ధారగా వచ్చాయి, బుడ్డీ నా కళ్ళ ముందే ఉబ్బింది, పక్కలో బిగువు సడలింది. అక్క చేతి తొడుగులు తీసేసి, లేవకుండా అక్కడే నేల మీద చతికిలబడి, మంచం కోడుకి తల ఆనించింది.

తిడుతుంది అనుకున్నాను. ఆరోగ్యంగా ఉన్నదాన్ని కోయించుకుంటావా అంటుంది, నాకు కోయక తప్పక కోశారు, నీకేం పోయేకాలం అంటుంది. అనాలి కూడా. తను ఏడుస్తోందని భుజాలు చూస్తే గానీ తెలియలేదు.

"అక్కా."

"హెర్నియాకి రెండు గొట్టాలు పెట్టరే" అంది అక్క, తల ఎత్తకుండా. "వచ్చిన రోజే చూశాను. నాకొచ్చిందే నీకూ వచ్చిందనుకున్నా. కడుపులో వచ్చింది, నాకు చెప్పలేక దాస్తున్నావనుకున్నా. మరిదిగారు కూడా అడగకుండానే హెర్నియా హెర్నియా అంటుంటే ఇంకా రూఢి చేసుకున్నా."

నేను అంకెలు రాసిన పుస్తకం వైపు చూశాను.

"రోజూ రంగు చూసి రాస్తున్నా. మా డాక్టరమ్మకి ఫోను చేసి అడిగా, అక్కాచెల్లెళ్ళకి ఇద్దరికీ వస్తుందా అని. వస్తుందంది. నాలుగు రాత్రులయింది నేను కన్ను మూసి." ముక్కు తుడుచుకుంది. "పొట్టకా. పొట్ట కోసమా. హమ్మయ్య." నవ్వబోయింది, ఆ నవ్వు సగంలోనే విరిగిపోయింది. "నీ పొట్ట నీ ఇష్టం, దానికి నేనేం అననే. కానీ ఈ నాలుగు రోజులూ నన్ను చంపేశావు."

షాపులో ఆ ముసలావిడ ముందు నేను పడింది సిగ్గే కాదు, సిగ్గంటే ఇదీ అని అప్పుడు తెలిసింది. నా పొట్టని దాచుకుందామని నేను చెప్పిన ఒక్క మాట, అక్కని తన ఆపరేషన్ గదిలోకి మళ్ళీ తీసుకెళ్ళి పడుకోబెట్టింది. నేను మాత్రం ఫైలు పరుపు కింద పెట్టుకుని, దాని మీద హాయిగా పడుకున్నాను. క్షమించు అనాలి. అనలేదు, ఎందుకంటే ఆ మాట అంటే తను సరేలే అంటుంది, అక్కతో వచ్చిన చిక్కే ఇది, ఎప్పుడూ సరేలే అంటుంది.

అక్క లేచి కిటికీ పక్క పడక్కుర్చీలో కూర్చుంది. "రెండు నిమిషాలాగి కొలుస్తా" అంది. రెండు నిమిషాలు గడవకముందే తల పక్కకి వాలిపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది. ఎండ తన పాదాల మీద పడుతోంది. నేను చూస్తూ కూర్చున్నాను. కుడి బుడ్డీ నిండుతూ వచ్చి మెడ దాకా ఎక్కింది. నిండిపోతే ఇక లాగదు, ఆ మాట అక్కే చెప్పింది. లేపాలా. లేపడానికి నోరు తెరిచి మూసేశాను. కొలగిన్నె చేతికందే దూరంలోనే ఉంది. మెల్లగా కాళ్ళు కిందకి దించి, మంచం అంచున వంగి కూర్చుని, గిన్నె అందుకున్నాను. ఒక చేత్తో బుడ్డీ పట్టుకోవాలి, ఒక చేత్తో మూత తియ్యాలి, గిన్నె పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. పక్కన పెడదామంటే పరుపు మీద ఒరిగిపోతోంది, కింద పెడదామంటే అంత కిందకి వంగలేను. చివరికి మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాను. అలా ఇరికించుకున్నాక గాని తట్టలేదు, ఆ ఆదివారం నేను బాల్కనీలో నిలబడి గాలితో మాట్లాడుతుంటే, లోపల అక్క చేసింది ఇదేనని, అదీ ఒంటి చేత్తో. మూత పళ్ళతో తీసి ఉంటుంది.  బుడ్డీ వంచాను, ఎర్రటి వెచ్చటి నీళ్ళు గిన్నెలో పడ్డాయి, నల్లటి గడ్డ కూడా పడింది, నాలుగు చుక్కలు మోకాలి మీద ఒలికాయి. తల తిప్పుకోలేదు. బుడ్డీ నొక్కి మూత పెట్టి, గిన్నెని కంటి ఎదురుగా ఎత్తి పట్టుకుని చూశాను, గీత నిలిచేదాకా ఆగి.

"ఎంత" అంది అక్క. కళ్ళు తెరిచి ఎప్పట్నించి చూస్తోందో తెలియదు.

"డెబ్భై రెండు."

"రంగు?"

"ఎరుపే. నల్లటి గడ్డ ఒకటి ఉంది."

పుస్తకం తన ఒళ్ళోనే ఉంది, రాసుకుంది. నేను గిన్నె పట్టుకునే ఉన్నాను. ఇప్పుడు అనకపోతే ఇంకెప్పుడూ అనలేనని తెలుసు. "అక్కా, ఆ రోజు నాకు ఫోను రాలేదు" అన్నాను. ఏ రోజు అని అడగలేదు. పెన్ను మూత పెట్టి, చాలాసేపు నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు, సరేలే మాత్రం లేదు.

"గిన్నె కడిగెయ్యి" అంది. "ఎండితే వదలదు."

నేను గోడ పట్టుకుని లేచాను. నిటారుగా నిలబడే వీల్లేదు, వంగిన నడుముతోనే, గిన్నె ఒలక్కుండా రెండో చేత్తో పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ సింకు దాకా వెళ్ళాను. అక్క కుర్చీలోంచి లేచి రాలేదు.